మూడు రోజుల తప్పుకు పేరేమిటి?



సంవత్సరమంతా బుద్ధిగా పనికి పోయి, జీతము ఇంటికి తెచ్చి, ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని ఆరాధనకు వచ్చే మనిషి, ఏడాదిలో నాలుగైదు రోజులు మాత్రము ఒళ్ళు తెలియకుండా తాగి ఇల్లు ముంచేస్తే, ఆ మనిషిని ఏమని పిలవాలి? ఆ నాలుగు రోజుల పనిని ఏమని పిలవాలి? ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అని మేము చాలా కాలము అనుకొన్నాము. కావని తెలిసేసరికి ఒక కుటుంబము మా చేయి జారిపోయింది. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1962లో జేకేపూర్‌లో కాగితపు మిల్లు మొదలైన నాటి నుండి విజయనగరము, శ్రీకాకుళము, పార్వతీపురము వైపుల నుండి మనవారు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. అప్పటికి ఇది కోరాపుట్ జిల్లా. 1992 అక్టోబరులో రాయగడ వేరే జిల్లా అయింది. ఇక్కడి పిల్లలకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఇటువంటి చోట సంఘమే మనకు ఊరు, చుట్టరికము. సంఘములో ఒక మాట పడిందంటే దాని నుండి తప్పించుకొని పోవడానికి వేరే వీధి ఉండదు.

చాలా ఏండ్ల క్రితము మేము కమిటీలో ఉన్న ఒక సంఘములో ఒక యౌవనస్థుని సంగతి విచారణకు వచ్చింది. దసరా ముందు బోనసు చేతికి వచ్చినది మొదలు మూడు రోజులు ఇంటికి రాలేదు. నాలుగవ రోజు వచ్చేటప్పటికి జేబులో పైసా లేదు, చేతి గడియారము కూడా లేదు. అంతకు ముందు సంవత్సరమూ అంతే. కమిటీలో కొందరు, "వయసులో ఉన్నాడు, ఏదో సరదా పడ్డాడు, పోనివ్వండి" అన్నారు. మిగిలినవారు, "వాడు తాగుబోతు, ప్రభువు బల్ల నుండి తప్పించవలసిందే" అన్నారు. మేము రెండవ పక్షము. మినిట్సు పుస్తకములో ఆ మాట వ్రాసినది మా చెయ్యే.

మరునాడు ఆ యింటి ఇల్లాలు మా గడపలో నిలబడింది. "మాస్టారండీ, తాగుబోతంటే రోజూ తాగినోడు కదండీ. మా ఇంటాయన ఏడాదికి రెండు మూడు మార్లే. మిగతా రోజులు ఆయనంత మంచోడు నేడు. అలాగని అది సరదా కాదండి, ఆ మూడు రోజులూ మా ఇల్లు మునిగిపోతాది. మరి దానికేటి పేరండీ?" అని అడిగింది. మేము ఏదో వాక్యము చెప్పి పంపించాము. ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి మా దగ్గర లేదు.

తరువాత ఆయన సంఘానికి రావడము మానేశాడు. వాళ్ళబ్బాయిని తోటి పిల్లలు తండ్రి పేరుతో కాక ఆ మాటతో పిలిచారని విన్నాము. కొన్నాళ్ళకు వారు ఊరు విడిచిపోయారు. చాలా కాలానికి ఒక సభలో ఆమె కనబడి, ఆయన ఇప్పుడు రోజూ తాగుచున్నాడని చెప్పింది. మమ్మును ఒక్క మాట అనలేదు. మేము పెట్టిన పేరే దానికి కారణమని చెప్పలేము. కాని ఆ పేరు పెట్టిన నాడు అది ఆయన విషయములో నిజము కాదు. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసీ వ్రాశాము.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన తొలి సంగతులలో ఒకటి ఉన్నది. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే పలక మీద తప్పు ఎక్కడ జరిగిందో చూపించు. పిల్లవానిని మొద్దు అనవద్దు. తప్పు అంటే దిద్దుకోవడానికి వీలున్నది. మొద్దు అంటే ఇక దిద్దేదేమున్నది? ఏండ్ల తరబడి తరగతిలో పాటించిన ఆ నియమమును కమిటీ బల్ల దగ్గర మరచిపోయాము. ఆనాటి నుండి, హద్దు మీరిన నాలుగు రోజులకు మన తెలుగులో ఉన్న మాటలన్నిటిని ఒక్కొక్కటే తీసి చూచుచున్నాము.

మొదటి రకము మాటలు మనిషికి అంటుకొనేవి. తాగుబోతు, తిండిపోతు, తిరుగుబోతు, వదరుబోతు. వాటి చివర వినబడేది దున్నపోతులోను మేకపోతులోను వినబడేదే. పని ఒక రోజుది, పేరు జీవితమంతటికి. ఆ పేరు పడినవాడు మరునాడు మానినా, మరుసటి సంవత్సరము మానినా, పేరు మానదు.

రెండవ రకము మాటలు తప్పును దాచిపెట్టేవి. జల్సా, మజా, సరదా, పార్టీ. సారాయిని మనవారు "మందు" అంటారు, రోగము కుదిర్చేదానికి ఉన్న పేరు రోగము తెచ్చేదానికి పెట్టి! ఒక్క సీసా ఖాళీ చేసి "చుక్క వేశాను" అంటారు. ఇంకొందరు "తీర్థము" అని కూడా అంటారు. జల్సా అనే మాట ఉర్దూ నుండి వచ్చింది. అక్కడ దానికి సభ అని అర్థము. దాని మూలములో ఉన్నది కూర్చొనుట. ఈనాటి మన కుర్రవాళ్ళు "సిట్టింగు వేశాము" అంటారు. అదీ కూర్చొనుటే. రెండు మాటలలోను కూర్చున్న సంగతి ఉన్నదిగాని లేవలేకపోయిన సంగతి లేదు.

మూడవ రకము మాటలు గీతను చూపించేవి. మితి మీరుట, హద్దు దాటుట, విచ్చలవిడిగా తిరుగుట, తెగ తాగుట, పట్టపగ్గాలు లేకపోవుట. ఇవి మంచి మాటలు. మనిషికి ఒక గీత ఉన్నదని, దానిని దాటాడని చెప్పుచున్నవి. కాని అతడు తిరిగి గీత ఇవతలికి రాగలడా అనేది ఇవి చెప్పవు.

ఇంగ్లీషువారిది మరొక దారి. "బింజ్" అనే వారి మాటకు ఇంగ్లండు పల్లెల యాసలో మొదట ఉన్న అర్థము చెక్క పాత్రను నీళ్ళతో నానబెట్టుట. తరువాత అది మనిషి తాగి నానిపోవుటకు వచ్చింది. ఇప్పుడు రాత్రి తెల్లవార్లు టీవీ సీరియళ్ళ భాగములు వరుసగా చూచుటకు కూడ వాడుచున్నారు. 2015లో కాలిన్స్ నిఘంటువువారు "బింజ్ వాచ్"ను ఆ సంవత్సరపు మాటగా ఎంచుకొన్నారు. ఒకనాడు సిగ్గుపడి చెప్పవలసిన మాటను ఇప్పుడు పిల్లలు నవ్వుతూ చెప్పుకొనుచున్నారు. కాబట్టి మాటలను తేలిక చేసుకొనే అలవాటు మన ఒక్కరిదే కాదు.

వైద్యులు మాత్రము తేలిక చేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కలో ఒకే సందర్భములో 60 గ్రాములు లేదా అంతకు మించి స్వచ్ఛమైన ఆల్కహాలు పుచ్చుకొని, అటువంటిది నెలలో ఒక్కసారి జరిగినా, అది అదుపు తప్పిన తాగుడు కిందికి వస్తుంది. 60 గ్రాములంటే ఎంత? మన వీధులలో దొరికే 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా మీద 42.8 శాతము అని అచ్చు వేసి ఉంటుంది. లెక్క కట్టి చూడండి. అందులో 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు, తూకములో సుమారు 60 గ్రాములు. అంటే "ఒక్క క్వార్టరే కదా" అని మనవారు చేయి విదిలించే చోటనే వైద్యులు గీత గీశారు. రోజూ తాగేవానికే రోగము, ఎప్పుడో ఒకసారి తాగేవానికి సరదా అనే మన లెక్క తప్పు. ఆ ఒక్క రాత్రే మోటారు సైకిలు పడిపోతుంది. ఆ ఒక్క రాత్రే భార్య మీద చెయ్యి లేస్తుంది.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. మాట ఎవరికి ఏది పడుతుందనేది కూడా న్యాయముగా లేదు. మన చుట్టుప్రక్కల కొండ గ్రామములవారు జీలుగు కల్లు తాగుతారు. ఒడియాలో సలప అంటారు. వారిని చూచి మన వాళ్ళు "వీళ్ళు తాగుబోతులు" అని ఒక్క మాటలో జాతి మొత్తాన్ని తేల్చేస్తారు. అదే సాయంత్రము మన కాలనీలో సీలు వేసిన సీసా తెరిస్తే దాని పేరు పార్టీ. చెట్టు కిందైతే తాగుడు, డాబా మీదైతే పార్టీ! మన పిల్లలు ఈ రెండు తూకపు రాళ్ళను చూచుచునే ఉన్నారు. దొంగ తూకము దేవునికి హేయమని సండే స్కూలులో వారికి నేర్పేది మనమే.

మాటను సరిగా పెట్టడము వలన ఏమవుతుందో చూపినవారు మన తెలుగు స్త్రీలే. మన బాప్టిస్టు మిషను తొలినాళ్ళలో వేళ్ళూనిన నెల్లూరు జిల్లాలోనే, దూబగుంట అనే పల్లెలో 1992లో స్త్రీలు సారా అంగడి మూయించారు. అక్షరాస్యత ఉద్యమములో రాత్రి బడులకు వెళ్ళి, వాచకములో "సీతమ్మ కథ" వంటి పాఠములు చదువుకొన్నవారు వారు. రోసమ్మగారి పేరు ఆ పల్లె నుండే నలుదిక్కులకు తెలిసింది. మేము గమనించినది ఒక్కటి. వారు "మా మొగుళ్ళు తాగుబోతులు, పట్టుకుపొండి" అని కేకలు వేయలేదు. "సారా వద్దు" అన్నారు. వేలు మనిషి మీద పెట్టలేదు, చెడుపు మీద పెట్టారు. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధము వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టము వచ్చినది, పోయినది. కాని ఇంట్లో జరిగేదానికి సరియైన పేరు పెట్టి వీధిలో చెప్పవచ్చునని ఆ స్త్రీలు నేర్పినది పోలేదు.

మరి ఆ యిల్లాలు అడిగిన పేరు ఎక్కడ దొరుకుతుంది? మాకు లూకా సువార్త 15వ అధ్యాయములో దొరికింది. తప్పిపోయిన కుమారుడు దూరదేశములో ఆస్తిని పాడుచేసినదానికి మన పాత అనువాదపు బైబిలులో "దుర్వ్యాపారము" అనే మాట ఉన్నది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు మద్యపు మత్తును గూర్చి హెచ్చరించిన చోట కూడ అదే మాట. గ్రీకులో ఈ రెండు చోట్లా ఉన్నవి ఒకే కుదురు నుండి పుట్టిన మాటలు. వాటి లోపల, ఏదీ కాపాడకుండ, ఏదీ మిగల్చకుండ పోవుట అనే భావమున్నది. మన అనువాదకులు దానికి వ్యాపారము అనే మాట తీసుకొన్నారు. సంస్కృతములో వ్యాపారమంటే పని, నడవడి. మనకు బజారు వ్యాపారము కూడ గుర్తుకు వస్తుంది. రెండు విధాలా సరిపోయింది. అది చెడ్డ పని, నష్టపు బేరము కూడా.

ఈ మాటలోని మేలు ఇది. ఇది పనికి పెట్టిన పేరు, మనిషికి పెట్టిన పేరు కాదు. చేసినదానిని సరదా అని తేలిక చేయదు, చేసినవానిని పోతు అని పశువును చేయదు. ఆ కథలో ఎవరు ఎవరిని ఏమని పిలిచారో చూడండి. పెద్ద కుమారుడు తమ్ముణ్ణి తమ్ముడని కూడ అనడు, "నీ కుమారుడు" అని తండ్రి మీదికి త్రోసి, చేసిన తప్పులన్నీ ఏకరువు పెడతాడు. తండ్రి "నీ తమ్ముడు" అని సరిదిద్దుతాడు. ఆస్తి పోయిన సంగతి తండ్రి దాచలేదు. కాని కొడుకు పేరు మార్చలేదు. కమిటీలో మేము కూర్చున్నది ఆ పెద్ద కుమారుని కుర్చీలో.

అదే కథలో మరొక సంగతి. తండ్రి ఇంట్లో కూడ ఖర్చు జరిగింది. క్రొవ్విన దూడను వధించారు, వాద్యములు మ్రోగినవి, నాట్యము జరిగింది. పెద్ద కుమారుడు పొలము నుండి వచ్చి ఆ చప్పుడు విని అదీ దుబారా అనుకొన్నాడు. దూరదేశములో జరిగినదానికి, తండ్రి ఇంట జరిగినదానికి తేడా ఏమిటి? రెండు చోట్లా ఖర్చే, రెండు చోట్లా సంతోషమే. తేడా ఒక్కటి. దూరదేశములో డబ్బు అయిపోగానే ఒక్కడు మిగలలేదు. పందుల పొట్టు దగ్గర ఒంటరివాడయ్యాడు. తండ్రి ఇంటి విందు అయిపోయిన తరువాత, పోయిన కుమారుడు ఇంట్లో ఉన్నాడు. విందు మనుషులను చేరుస్తుంది. దుర్వ్యాపారము మనుషులను రాల్చేస్తుంది. ఖర్చు ఎంత అన్నది ఒక్కటే కొలత కాదు. మరునాటి ఉదయము ఎవరు మిగిలారు అన్నది కూడ కొలత.

ఇలా కొలిస్తే సీసా ముట్టనివారమైన మనము కూడ తప్పించుకోలేము. లూకా 21వ అధ్యాయములో ప్రభువు హృదయమును మందము చేసేవాటిని చెప్పినప్పుడు మత్తుకు ఒక ప్రక్క తిండిని, మరొక ప్రక్క ఈ లోకపు చింతలను నిలబెట్టాడు. క్రిస్మసు వారములో ఇంటింటికి ప్రార్థనకు వెళ్ళి ప్రతి ఇంట అరిసె, కజ్జికాయ, కేకు కాదనకుండ తిని, పండుగ వెళ్ళేసరికి చక్కెర రోగము పెంచుకొనేది మేమే. "మీదీ ఒక రకము తాగుడే" అని మా ఇంటావిడ అన్నప్పుడు కోపము వచ్చిందిగాని జవాబు రాలేదు. అప్పు చేసి పప్పు కూడు అన్నట్టు మన పెండ్లిండ్లు ఉన్నవి. ఓవర్‌టైము కోసము షిఫ్టు మీద షిఫ్టు చేసి, నెల రోజులు పిల్లల మొగము చూడనివారు ఉన్నారు. దానిని మనము కష్టజీవి అని మెచ్చుకొంటాము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారానికి 48 గంటలని పనికి కూడ గీత గీసింది. దానికి ఎంతో ముందే విశ్రాంతి దినము ఆ గీత గీసింది. పనిలో మునిగిపోయినా మునుగుటే.

ఇక్కడ ఒకరు మమ్మును అడుగవచ్చు: "మాట మార్చితే తప్పు తగ్గుతుందా? మీరు మగవాని పరువు కాపాడుచున్నారుగాని, దెబ్బలు తిన్న ఆడదాని సంగతేమిటి?" న్యాయమైన ప్రశ్న. పనిని పనిగా పేరు పెట్టి పిలవాలి అంటే అన్ని పనులకూ అదే నియమము. భార్యను కొట్టినది తాగుడు కాదు, సరదా కాదు, అది కొట్టుట. ఆ పేరుతోనే చెప్పాలి. ముందు ఆమెకు, పిల్లలకు క్షేమమైన చోటు చూడాలి. 2005 నాటి గృహహింస చట్టము ఉన్నదని ఆమెకు చెప్పాలి. తరువాతనే ఆయన మారుమనస్సు సంగతి. తండ్రి క్షమించాడని చెప్పి దెబ్బలను కప్పిపెట్టుట ఈ కథ నేర్పే పాఠము కాదు.

చేయదగినవిగా మాకు తోచినవి నాలుగు చెప్పి ముగిస్తాము.

మొదటిది, బోనసు రాకముందే భార్యాభర్తలు కలిసి కాగితము మీద లెక్క వ్రాసుకొనుట. చట్టము కనీస బోనసును 8.33 శాతమని నిర్ణయించింది. అంటే ఇంచుమించు ఒక నెల జీతము. అది ఒక్కసారిగా చేతిలో పడినప్పుడు మనస్సు తూలుతుంది. అప్పు ఎంత, బడి ఫీజు ఎంత, బట్టలు ఎంత అని ముందే గీత గీయండి. అందులో ఇంటిల్లిపాదికి ఒక మంచి భోజనమునకు కూడ కొంత వ్రాయండి. సంతోషమునకు చోటివ్వని లెక్క నిలవదు.

రెండవది, తూలే అలవాటున్న సహోదరుణ్ణి ఆ రోజులలో ఒంటరిగా విడువకుండుట. కాపలా కాయవద్దు, భోజనానికి పిలవండి. ఇద్దరు స్నేహితులు ఇంటికి తీసుకుపోతే దూరదేశము దూరముగానే ఉంటుంది.

మూడవది, మాట చెప్పవలసినప్పుడు ఉదయము చెప్పుట. నాబాలు రాజుల విందువంటి విందు చేసి మిక్కిలి మత్తుడై ఉన్నప్పుడు అబీగయీలు ఆ రాత్రి ఏమీ చెప్పలేదు. తెల్లవారి మత్తు దిగిన తరువాత అంతా చెప్పింది. మన ఇండ్లలో రాత్రి జరిగే గొడవలలో సగము ఈ ఒక్క తెలివితో తప్పిపోతాయి.

నాలుగవది సంఘ పెద్దలకు. మినిట్సు పుస్తకములో మనిషికి పేరు పెట్టవద్దు. ఏ తేదీన ఏమి జరిగింది, ఎవరికి నష్టము కలిగింది, ఏమి చేయమని చెప్పాము అని వ్రాయండి. దాని క్రింద కొంత ఖాళీ విడువండి. తిరిగి చేర్చుకొన్న తేదీ వ్రాయడానికి ఆ ఖాళీ. మేము వ్రాసిన ఆ పేజీలో అటువంటి ఖాళీ లేదు. ఉండి ఉంటే ఆయన తిరిగి వచ్చేవాడో లేదో తెలియదుగాని, మేము ఆయన కోసము ఎదురు చూచుచున్నామని ఆయనకు తెలిసేది.

తండ్రి ఇంకను దూరముగా ఉన్న కుమారుణ్ణి చూడగలిగినది దారి మీద కన్ను ఉంచినందువలననే. మన సంఘములకు అటువంటి కన్ను ప్రభువు అనుగ్రహించును గాక.